తిరగేసి చూసినా బాగుండే జిప్పు సంచులు

మా నాన్నగారికి షుగరు ఉండటం వల్ల గ్లూకోమీటరు, స్ట్రిప్పుల డబ్బా, సూదులు, దూది, మాత్రలు ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండాలి. వాటి కోసం గత ఏడాది ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న గుడ్డ సంచి పైకి ఎంతో అందంగా ఉండేది కానీ, లోపల కత్తిరించిన అంచులను అలాగే వదిలేయడంతో రెండు నెలలకే పోగులు లేచి జిప్పు రన్నర్‌లో చిక్కుకోవడం మొదలైంది. ఒకసారి బందరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో నాన్నగారికి చెమటలు పడుతున్న సమయంలో రన్నర్ సగంలో బిగుసుకుపోయి, స్ట్రిప్పుల డబ్బా బయటికి తీయడానికి జిప్పు పక్క కుట్టును లాగి తెంపవలసి వచ్చింది. అప్పటి నుంచి ఏ సంచినైనా ముందు లోపలి వైపు తిరగేసి చూడనిదే తీసుకోవడం లేదు.

ఆ తరువాత మా వీధి చివర ఒకావిడ తన ఇంటి ముందుగదిలో నడుపుతున్న కుట్టు దుకాణంలో మూడు సంచులు కుట్టించుకున్నాను. పెద్దది 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు. మిగిలిన రెండూ అంతకంటే చిన్నవి. పెడన కలంకారీ బట్ట నేనే ఇచ్చాను. లైనింగు, జిప్పు, స్పాంజి, కూలి అన్నీ కలిపి మూడింటికీ 360 రూపాయలు తీసుకున్నారు. ఐదు నెలలు రోజూ వాడిన తరువాతనే ఈ మాటలు రాస్తున్నాను.

బట్ట చేతికి ఇవ్వగానే ఆవిడ కత్తెర పట్టలేదు. పై బట్టను, లైనింగును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే కొలతలు గీశారు. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కానీ నైలాన్ జిప్పు పట్టీ కుంచించుకోదు కాబట్టి, తడపకుండా కుట్టిన సంచిని ఒకసారి ఉతికితే జిప్పు పొడవునా అలలు అలలుగా లేస్తుందని ఆవిడ చెప్పారు. నా సంచులు ఇప్పటికి నాలుగైదు సార్లు ఉతికినా జిప్పులు గీత గీసినట్టు తిన్నగానే ఉన్నాయి.

జిప్పు విషయంలోనూ నాకు తెలియని సంగతులు నేర్చుకున్నాను. నంబరు పెరిగేకొద్దీ పళ్ళ వరస వెడల్పవుతుందట. పెద్ద సంచికి 5 నంబరు, చిన్న వాటికి 3 నంబరు వేశారు. రోల్ నుంచి కత్తిరించిన జిప్పుకు కొసల్లో రన్నర్‌ను ఆపేది ఏదీ ఉండదు కాబట్టి, రెండు కొసలకూ అంగుళం వెడల్పున అదే కలంకారీ గుడ్డముక్కను మడిచి కుట్టారు. దీని వల్ల రన్నర్ జారిపోదు, పక్క కుట్టు వేసేటప్పుడు సూది పళ్ళ మీద పడి విరగదు, అన్నిటికంటే ముఖ్యంగా సంచి పై మూలలు ఉబ్బెత్తుగా కాకుండా చక్కగా నిలబడతాయి. జిప్పుకు ఇరువైపులా బట్ట మీద మరొక వరుస కుట్టు వేయడం వల్ల లైనింగు పళ్ళ దగ్గరికి జరగనే జరగదు. పాత సంచిలో ఈ వరుస కూడా లేదు.

ఇక లోపలి పని. చిన్న సంచులు రెండింటినీ పై బట్టకూ లైనింగుకూ మధ్య అన్ని అంచులూ దాగిపోయేలా కుట్టి, లైనింగు అడుగున వదిలిన మూడు వేళ్ళ సందులో నుంచి తిరగేసి, ఆ సందును చేతికుట్టుతో మూసేశారు. తిరగేయాలంటే పక్కలు కుట్టే ముందే జిప్పును సగం తెరిచి ఉంచాలని, తన దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు తరచుగా మరిచిపోయేది అదేనని ఆవిడ అన్నారు. పెద్ద సంచికి మాత్రం ఈ పద్ధతి వాడలేదు. అందులో పలుచటి స్పాంజి ఉంది కాబట్టి, లైనింగును విడిగా వదిలితే లోపల వదులుగా ముడతలు పడి, వస్తువు తీసినప్పుడల్లా దానితో పాటు బయటికి వస్తుంది. అందుకే మూడు పొరలనూ కలిపి కుట్టి, మిగిలిన అంచును పావు అంగుళానికి కత్తిరించి, దాని మీద మెరూన్ రంగు క్రాస్ పట్టీ చుట్టారు. ఏటవాలుగా కత్తిరించిన పట్టీ సాగుతుంది కనుక, అడుగున వెడల్పు కోసం మడిచిన మూలల దగ్గర కూడా ముడత లేకుండా తిరిగింది. సంచిని తిరగేసి వేలు పెట్టి రాస్తే ఎక్కడా ఒక్క పోగు తగలదు. లోపలంతా ఆ మెరూన్ గీత చీర అంచులా కనిపిస్తుంటే, ఇది లోపలి వైపా బయటి వైపా అని మా అమ్మ రెండుసార్లు తిప్పి చూసింది.

లోపాలు లేకపోలేదు. పెద్ద సంచి అడుగు మూలలో ఒకచోట పట్టీ మీది రెండో కుట్టు అంచును అందుకోలేదు. మూడో నెలలో అక్కడ వేలెడు మేర విడిపోయింది. తీసుకువెళ్ళి చూపించగానే, మరొక పని పక్కన పెట్టి, డబ్బు అడగకుండా చేత్తో హెమ్మింగ్ చేసి ఇచ్చారు. లైనింగుకు లేత మీగడ రంగు ఎంచుకోవడం కూడా మందుల సంచికి తగినది కాదు. అయోడిన్ మరక ఒకటి ఎన్ని సార్లు ఉతికినా పోలేదు. రంగు అడిగినప్పుడు నేనే ఆలోచించి చెప్పవలసింది. వారంలో ఇస్తామన్న సంచులకు 12 రోజులు పట్టింది. దసరాకు జాకెట్ల పని ముంచుకొచ్చిందని ముందే ఫోను చేసి చెప్పారు కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా నేను లెక్కించడం లేదు.

ఇలాంటి దుకాణంలో కుట్టించదలచిన వారు బట్టను కొద్దిగా ఎక్కువే తీసుకువెళ్ళడం మంచిది. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట అర మీటరు ఇస్తే నా మూడు సంచులకూ, జిప్పు కొసల ముక్కలకూ సరిపోయింది. క్రాస్ పట్టీకి మాత్రం వేరే ముక్క కావలసి వచ్చింది. మా పిన్ని కూతురి కోసం ఇప్పుడు నాలుగో సంచి కుట్టమని బట్ట ఇచ్చి వచ్చాను. దానికి ముదురు నీలం లైనింగు చెప్పాను, పట్టీకి బట్ట విడిగా కొని ఇచ్చాను.