ఫైలు పేరు చివరి మూడక్షరాలు: పన్నెండేళ్ల వాడకం తర్వాత

మా డీటీపీ సెంటరులో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైలు పేరులో చుక్క తర్వాత వచ్చి దాని రకాన్ని చెప్పే అక్షరాలు, కనిపించేలా పెట్టుకుని పన్నెండేళ్లు దాటింది. విండోస్ 7 నుంచి 11 దాకా కొత్త కంప్యూటరు వచ్చిన ప్రతిసారీ నేను మొదట మార్చే సెట్టింగు ఇదే. తనకు తెలిసిన రకం ఫైళ్లకు పేరు చివరి భాగాన్ని దాచిపెట్టడం విండోస్ 95 నాటి నుంచి వస్తున్న పద్ధతి. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూలో షో కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ మీద నొక్కితే చాలు; 10లో అదే పేరుతో వ్యూ ట్యాబ్‌లో టిక్ పెట్టే గడి ఉంటుంది.

ఒక శుభలేఖ పని పూర్తయ్యేసరికి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైలు, ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్, పెళ్లివారికి వాట్సాప్‌లో చూపించే జేపీజీ, మూడూ ఒకే పేరుతో ఫోల్డరులో చేరతాయి. ఎక్స్‌టెన్షన్ కనిపించని రోజుల్లో తొందరలో జేపీజీని ప్రెస్సుకు పంపి, అక్షరాల అంచులు చెదిరిన కార్డులను మళ్లీ వేయించి ఇచ్చాను. ఆ నష్టం తర్వాతే ఈ మార్పు చేశాను. అలాంటి పొరపాటు మళ్లీ జరగలేదు.

భద్రత విషయంలో దీని మేలు ఇంకా పెద్దది. మెయిల్‌లో బిల్లు పేరుతో వచ్చిన ఒక ఫైలుకు పీడీఎఫ్ తర్వాత, అది ప్రోగ్రామని తెలిపే డాట్ ఈఎక్స్ఈ అని ఉండటం కనిపించబట్టే దాన్ని తెరవకుండా తీసివేయగలిగాను. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ వైరస్‌దీ ఇదే ఎత్తు: మామూలు అక్షరాల ఫైలుకుండే టీఎక్స్‌టీ తర్వాత, అది నడిచే స్క్రిప్టు అని తెలిపే వీబీఎస్ దాగిపోవడంతో, చాలామంది దాన్ని మామూలు ఉత్తరమనుకుని తెరిచారు.

పేరు మార్చేటప్పుడు ఎక్స్‌టెన్షన్ చెరిగిపోతుందని కొందరు భయపడతారు గాని, ఎఫ్2 నొక్కితే చుక్కకు ముందున్న భాగమే ఎంపికవుతుంది.

అయితే ఎక్స్‌టెన్షన్ పేరులో భాగమే తప్ప లోపలి సరుకుకు హామీ కాదు. ఐఫోన్‌లో తీసిన హెచ్ఈఐసీ ఫోటోకు జేపీజీ అని పేరు మార్చి తెచ్చే ఖాతాదారులు మాకు తరచూ తగులుతారు. పేరు మారినా ఫోటో మారదు, పేజ్‌మేకర్ దాన్ని తీసుకోదు. పైగా షార్ట్‌కట్ల చివర ఉండే ఎల్ఎన్‌కే ఈ సెట్టింగు పెట్టినా కనిపించదు. అందుకే బయటి నుంచి వచ్చిన జిప్‌లోని ఫైలు బొమ్మ మీద షార్ట్‌కట్‌ను తెలిపే చిన్న బాణం గుర్తు ఉంటే, దాని పేరు ఎంత నమ్మకంగా కనిపించినా నేను తెరవను.