ఇంగ్లిష్ రైటింగ్ క్లాసుకు పోతే అర్జీలు రాయించారు

తిరుపతిలో రైటింగ్ క్లాసులు ఎలా ఉంటాయని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇది. నేను వెళ్లింది మా కాలేజీలోనే, సాయంత్రం పూట, వారానికి మూడు రోజులు, రెండు నెలలు. చెప్పేది మా ఇంగ్లిష్ మేడమ్. పేరు వద్దులెండి, ఆవిడకు నచ్చదు.

మొదటి వారమే, మీ ఊళ్లో జరిగే ఏదో ఒక పని గురించి, అది ఎప్పుడూ చూడని మనిషికి అర్థమయ్యేలా రాసుకు రమ్మన్నారు. మాది పుత్తూరు. ఇంకేముంది, విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు. 'ప్రపంచ ప్రసిద్ధి చెందిన' అని మొదలెట్టి ప్రాచీన వైద్యం, వారసత్వం అంటూ పేజీ నింపేశా. ఆవిడ పక్కన పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసిచ్చారు: వెదురు బద్దలు ఎక్కడ పెడతారు? గుడ్డు సొన ముందా, గుడ్డ ముందా? అరిచింది ఎవరు? సిగ్గేసింది, ఎందుకంటే ఐదో క్లాసులో చెయ్యి విరిగి అక్కడ వీధంతా వినపడేలా అరిచింది నేనే, ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. నాలుగు సార్లు తిరగ రాయించారు. మొదటిసారి తెలుగులో రాసినా ఏమీ అనరు, గ్రామర్ జోలికి చివర్లోనే వస్తారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు సగం టెన్షన్ అక్కడే పోయింది.

అసలు చెప్పాల్సింది శనివారాల గురించి. క్యాంటీన్ పక్కన వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటారు, హాస్టల్లో వంటచేసే ఆయమ్మలు, సెక్యూరిటీ వాళ్లు అర్జీలు రాయించుకోడానికి వస్తారు. రాయాల్సింది మనమే. పింఛను, రేషన్ కార్డు, సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చేవి, అన్నీ. ఒక ఆయమ్మకు సమాచార హక్కు దరఖాస్తు రాస్తూ, ఆమెకు ఆ కాగితాలు ఎందుకు కావాలో, ఎన్ని కష్టాలు పడుతోందో అర పేజీ రాశా. బాగా వచ్చిందనే అనుకున్నా. మేడమ్ మొత్తం కొట్టేశారు. "కారణం చెప్పక్కర్లేదని 2005 చట్టంలోనే ఉంది నాయనా. ఏ కాగితం, ఏ సంవత్సరం, అది రాయి చాలు." ఐదు లైన్లు మిగిలింది. జవాబుకు గడువు 30 రోజులు, 26వ రోజున వచ్చింది, కవరు నా చేతే చింపించింది ఆయమ్మ. (రాయలేనివాళ్లు నోటితో చెబితే ఆఫీసులోనే రాసుకోవడానికి సాయం చేయాలని కూడా అదే చట్టంలో ఉంది. ఒకసారి అడిగి చూడండి, మొహాలు ఎలా పెడతారో.)

ఇక ఇబ్బందులు. రాసిచ్చిన పేజీలు తిరిగి రావడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది, అప్పటికి మనం ఏం రాశామో మనకే గుర్తుండదు. ఒకరిది ఒకరు చదివి చెప్పుకోవాలంటారు గానీ, నా జతగాడు ప్రతిసారీ 'సూపర్ మచ్చా' అని రాసేసి ఫోన్ చూసుకునేవాడు, దాన్ని ఆవిడ పట్టించుకోలేదు. గదిలో ఫ్యాన్లు రెండే, మే నెలలో తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పాలా!

ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) బ్యాండ్ స్కోరు కోసమో, అమెరికా అప్లికేషన్‌కు ఎస్ఓపీ (ఆ చదువు ఎందుకు కావాలో చెబుతూ రాసే వ్యాసం) కోసమో అయితే వెళ్లకండి, అవి అడిగితే "దానికి బయట కోచింగులు ఉన్నాయి కదా" అంటారు. మిగతావాళ్లు ధైర్యంగా చేరొచ్చు. పుత్తూరు వైపు వాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, ఐదున్నరకు వదులుతామంటారు, ఆరున్నర లోపు ఏ రోజూ వదల్లేదు.