హ్యాండ్ రబ్బా, సబ్బు నీళ్లా?

ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కు పరుగెత్తే నర్సుకు చేతులు శుభ్రం చేసుకోవడానికి హ్యాండ్ రబ్బే (నీళ్లు లేకుండా రుద్దుకునే ఆల్కహాల్ ద్రావణం) సులువు. 20 నుంచి 30 సెకన్లు రుద్దితే చాలు, సింక్ దాకా నడక తప్పుతుంది. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. హడావుడి షిఫ్టులో ఈ తేడా చిన్నదేం కాదు.

కానీ చేతికి రక్తమో, మలమో అంటితే రబ్బు చాలదు. సి.డిఫ్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్న రోగి దగ్గరా అంతే. ఆ బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పొరతో ఉండే దాని నిద్రాణ రూపాలను) ఆల్కహాల్ చంపలేదు, నీటి ధార కింద రుద్ది వదిలించాల్సిందే. గ్లౌజులు వేసుకున్నాం కదా అంటారు కొందరు. వాటిని తీసేటప్పుడే చేతికి అంటేది!

మామూలు వేళల్లో నా ఓటు రబ్బుకే. ఏది వాడినా బొటనవేళ్లు, వేళ్ల కొనలే ఎక్కువగా మర్చిపోతుంటారు. రబ్బు ఆరకముందే గ్లౌజు తొడగబోతే అది వేళ్ల దగ్గరే ఇరుక్కుంటుంది.