పాత స్పోర్ట్స్ కారును బాగుచేయించేవారికి హెచ్చరిక: రంగు వేయకముందే లోపలంతా చూడండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో పాత కార్లను కొని బాగుచేయించుకోవాలనుకునే మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మా కుటుంబంలో ఎంతో కాలంగా ఉన్న 1963 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారును, పాత కార్లను మొదటి స్థితికి తెస్తామని చెప్పుకునే విశాఖపట్నం వైపు షెడ్డు ఒకదానికి అప్పగించాము. ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. వ్యవహారం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది, అక్కడే తేలాలి. తిరిగి వచ్చిన కారు రంగు, సీట్లు, మెరిసే బంపర్లు చూసి ఇంటిల్లిపాదీ సంతోషించాము. అయితే ఆ రంగు కింద జరిగిన పని, ఇంజను లోపల జరిగిన మార్పు ఒక్కొక్కటిగా బయటపడిన తరువాత, ఇలాంటి కారును ఎవరి చేతుల్లోనైనా పెట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలను దాచుకోకూడదని నిర్ణయించుకున్నాను.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంజనులో జరిగింది. తొలి స్పిట్‌ఫైర్‌లో ఉండేది 1147 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను, దానికి రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. ఒకప్పుడు మద్రాసులో తయారై మన ఊళ్ళలో కూడా బాగా తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ కారులో ఉండేది అదే కుటుంబానికి చెందిన 948 సీసీ ఇంజను. రెండు ఇంజన్ల బ్లాకులూ (సిలిండర్లు ఉండే ప్రధాన ఇనుప పోత) బయటికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని చోట మరొకటి పెద్దగా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. మా కారు తప్తపాణి ఘాటు ఎక్కేటప్పుడు మునుపటి లాగుడు లేక రొప్పుతూ ఉంటే, కొత్తగా బోరు చేసిన (సిలిండర్లను లోపల తొలిచి సరిచేసిన) ఇంజను కాబట్టి కొన్నాళ్ళు అలాగే ఉంటుందని షెడ్డువారు సమాధానం చెప్పారు. ఆ సమాధానంతో తృప్తి చెందక, బరంపురంలో పాత ఇంజన్లు ఎరిగిన ఒక పెద్దాయన చేత హెడ్డు (సిలిండర్ల పై మూత) దింపించి, లేత్ షాపులో బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, కొలిపించాము. కొలత 63 మిల్లీమీటర్లకు కాస్త పైన వచ్చింది. 1147 సీసీ ఇంజను బోరు 69.3 మిల్లీమీటర్లు, 948 సీసీ ఇంజను బోరు 63 మిల్లీమీటర్లు. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) మాత్రం రెండింటిలోనూ 76 మిల్లీమీటర్లే. రీబోరు చేస్తే బోరు పెరుగుతుందే గానీ తగ్గదు, స్లీవులు (సిలిండరు లోపల వేసే కొత్త గొట్టాలు) వేసినా మళ్ళీ అసలు కొలతకే వస్తుంది. కాబట్టి మా కారులో ఉన్నది మా బ్లాకు కాదని చెప్పడానికి ఆ ఒక్క కొలత చాలు. మా పాత కార్బొరేటర్లను శుభ్రం చేసి పైన బిగించారు గనుక, బానెట్ ఎత్తి చూసినవారికి అనుమానం కలిగే అవకాశమే లేదు.

బ్లాకు పగిలిందని, అందుకే పాత ఇనుముకు వేశామని తరువాత చెప్పారు. పగిలిన బ్లాకును ఎందుకు చూపించలేదు, మా అనుమతి లేకుండా ఎలా పారేశారు అన్న ప్రశ్నలకు నేటికీ జవాబు లేదు. ఈ మార్పు వల్ల కలిగే నష్టం వేగంతో ఆగిపోయేది కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటిన వ్యక్తిగత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పులేవీ లేకుండా వాహనం మొదటి రూపంలోనే ఉండాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు ఒకటి, కారులో ఉన్న బ్లాకు ఇంకొకటి అయితే ఆ దరఖాస్తు ఎలా నిలుస్తుంది? రిజిస్ట్రేషన్ అధికారికి తెలియకుండా ఇంజను మారిన బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళడం మోటారు వాహనాల చట్టం కింద యజమానికే చిక్కు. తప్పు ఎవరు చేసినా పోలీసులూ, బీమా కంపెనీ అడిగేది యజమానినే. అందువల్ల కారును అప్పగించే రోజునే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పలక, బ్లాకు మీద అచ్చులో పోసిన గుర్తులు అన్నింటినీ దగ్గర నుంచి ఫొటోలు తీసి, ఆ ఫొటోల ప్రతి మీద షెడ్డువారి సంతకం తీసుకోండి. మా దగ్గర పాత ఫొటోలు ఉండబట్టే ఈ ఫిర్యాదు నిలబడింది.

రెండవది బాడీ పని. గోపాల్‌పూర్ వైపు నుంచి వీచే ఉప్పుగాలికి మన ప్రాంతంలోని పాత కార్లన్నీ అడుగు నుంచి తుప్పు పడతాయి, అందులో ఆశ్చర్యం లేదు. కానీ స్పిట్‌ఫైర్ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. దాని ఛాసిస్ మధ్యలో వెన్నెముకలా ఉంటుంది, పక్కల బలం కోసం తలుపుల కింద ఉండే సిల్లుల మీదే ఆధారపడుతుంది. పైకప్పు లేని కారు కాబట్టి సిల్లు కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్ములు వెల్డింగ్ చేసి బాడీని బిగించి ఉంచాలి. లేకపోతే మధ్యలో కుంగుతుంది. మా కారుకు అలా చేయలేదని తలుపుల సందులే చెబుతున్నాయి. ముందు సందు కింద వెడల్పు, వెనుక సందు పైన ఇరుకు. జాకీ పెట్టి ఎత్తితే ఎడమ తలుపు తెరుచుకోవడం లేదు. సిల్లుల మీద అయస్కాంతం పెడితే సగం చోట్ల అంటుకోలేదు. లప్పం గీకి చూస్తే పాత తుప్పు రేకు మీదే కొత్త రేకు ముక్కలు అతికించి, పైన మందంగా లప్పం వేసి, అడుగంతా నల్లటి తారు పూత పూశారు. ఆ పూత తుప్పును ఆపకపోగా తేమను లోపలే పట్టి ఉంచుతుంది. రెండు వానాకాలాలు గడిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. బిల్లులో మాత్రం "కొత్త సిల్లులు, రెండు వైపులా" అని ఉంది.

అందుకే పునరుద్ధరించిన కారు కొనేవారికీ, ఉన్న కారు బాగుచేయించేవారికీ నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. టింకరింగ్ పూర్తయి, ప్రైమరు కూడా పడకముందు, ఒట్టి రేకు కనిపిస్తూ ఉండగానే వెళ్ళి చూడండి, ఫొటోలు తీయండి. ఆ దశ మీరు చూసి ఒప్పుకున్నాకే తదుపరి వాయిదా డబ్బు ఇస్తామని ముందే కాగితం మీద రాసుకోండి. రంగు పడిన తరువాత చూపించే ఫొటోలకు విలువ లేదు. కొనేవారికి అమ్మేవారు అలాంటి మధ్యదశ ఫొటోలు చూపించలేకపోతే, ధర ఎంత తక్కువైనా నేనైతే ఆ కారు కొనను.

మిగిలిన లోపాలు చిన్నవిగా కనిపించినా ప్రాణాల మీదికి తెచ్చేవి వాటిలోనూ ఉన్నాయి. ముందు చక్రాల కింది భాగంలో చక్రం పక్కలకు తిరగడానికి ఆధారంగా ట్రనియన్ అనే కంచు భాగం ఉంటుంది. దానికి ఈపీ 90 గేరు ఆయిలు ఎక్కించాలి గానీ గ్రీజు కాదు. గ్రీజు గట్టిపడితే దాని లోపలి మరలోకి (స్క్రూ గాట్లలోకి) తడి చేరదు, మర అరిగి ఒకనాడు చక్రాన్ని పట్టి ఉంచే నిలువు లింకు విరిగి చక్రం లోపలికి మడుచుకుపోతుంది. మా కారులో గ్రీజే దట్టించారు. అలాగే ఈ తొలి మోడళ్ళలో బాటరీ పాజిటివ్ వైపే బాడీకి ఎర్త్ అవుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా కొత్త రేడియో బిగించి దాన్ని కాల్చివేశారు.

పెట్రోలు సంగతి మరొకటి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 సంవత్సరంలో ఆగిపోయింది. అప్పటి ఇనుప హెడ్డుల్లో ఎగ్జాస్టు వాల్వు సీట్లు (పొగ వాల్వు ఆని మూసుకునే చోట్లు) ఆ సీసం వల్లే అరగకుండా నిలిచేవి కాబట్టి, ఇప్పుడు గట్టి ఉక్కు సీట్లు అమర్చడం మంచిది. మా బిల్లులో వాటికి డబ్బు వేశారు, హెడ్డు దింపి చూస్తే ఒక్కటీ లేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చీలుతాయి. ఇంజను పక్కనే పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించండి.

విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించామని చెబితే సరఫరాదారు ఇన్వాయిస్, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు చూపించమని అడగండి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ, అరిగినదైనా విరిగినదైనా, మీకే తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. పాత భాగం చేతికి వస్తే నిజంగా మార్చారా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. మామూలు కాగితం మీద మొత్తం అంకె రాసి ఇచ్చే చిట్టీలను ఒప్పుకోకుండా, పని వారీగా జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. చేసిన పనికి డబ్బు ఇవ్వనంతవరకు కారును తన దగ్గర ఉంచుకునే హక్కు పని చేసినవానికి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. కాబట్టి వివాదం వచ్చినప్పుడు కారు షెడ్డులోనే ఇరుక్కుపోకుండా, అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలియజేసి, చెల్లింపు ఆ అభ్యంతరంతోనే చేస్తున్నామని రాసి, బండిని బయటికి తెచ్చుకోవడం మేలు. మేము అలాగే చేశాము.

ఇక మన సరిహద్దువారికి ఉపయోగపడే విషయం ఒకటి. షెడ్డు ఆంధ్రలో ఉంది, మీరు ఒడిశాలో ఉన్నారు, కేసు కోసం అక్కడికి తిరగాలి అని భయపెట్టేవారు ఉంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం యాభై లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే వింటుంది. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. మా ఫిర్యాదు గంజాం జిల్లాలోనే నమోదైంది. బోరు కొలత కాగితం, తలుపు సందుల ఫొటోలు, లప్పం గీకిన చోట తీసిన ఫొటోలు, బిల్లులు దానికి జతచేశాము. అదే షెడ్డులో గానీ, అలాంటి హామీలిచ్చే మరో చోట గానీ ఇప్పుడు మీ కారు ఉంటే, తదుపరి వాయిదా కట్టే ముందు బయటి మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళి హెడ్డు దింపించండి, బోరు కొలిపించండి, సిల్లుల మీద అయస్కాంతం పెట్టి చూడండి.