నవోదయా, సైనిక్ స్కూలా: బెంగళూరు తెలుగు పిల్లలకు ఏది మేలు?

పిల్లవాడిని ఆరో తరగతిలో వసతి పాఠశాలకు పంపాలనుకునే తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది, ఎన్ని మార్కులు వస్తే సీటు దొరుకుతుందని. నా దృష్టిలో అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఏ పాఠశాల లెక్కలో మన బిడ్డ స్థానికుడు, ఏ లెక్కలో బయటివాడు, ఏ లెక్కలో పట్టణవాసి అన్నది తెలియకుండా పోటీ ఎంతమందితోనో అంచనా వేయలేము. సొంత ఊరు ఒక రాష్ట్రంలో, ఉద్యోగం మరో రాష్ట్రంలో ఉన్న బెంగళూరు తెలుగువారికి ఈ లెక్క మరీ ముఖ్యం.

కేంద్ర ప్రభుత్వం జిల్లాల వారీగా నడిపే నవోదయ విద్యాలయాలకు బిడ్డ ప్రస్తుతం నివసిస్తూ అయిదో తరగతి చదువుతున్న జిల్లాయే ప్రమాణం. కాబట్టి మారతహళ్లిలో ఉంటున్న కుటుంబం, తాతలనాటి ఇల్లు చిత్తూరు జిల్లాలో ఉన్నదన్న కారణంతో, అక్కడి నవోదయకు దరఖాస్తు చేయలేదు. బెంగళూరు నగర జిల్లా నవోదయకే చేయాలి. అక్కడ ఆరో తరగతిలో గరిష్ఠంగా 80 సీట్లు ఉంటాయి. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు కేటాయిస్తారు. అంటే నగరంలో చదివే పిల్లలందరికీ కలిపి మిగిలేవి 20 సీట్లకు మించవు, వాటికి కూడా గ్రామీణ పిల్లలు ప్రతిభ ఆధారంగా పోటీ పడవచ్చు. పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కోటాలు, బాలికలకు మూడో వంతు సీట్లు కూడా ఉన్నాయి. ఇంత ఇరుకైన దారిలో, జీవితంలో ఒక్కసారి మాత్రమే రాయడానికి వీలున్న పరీక్ష ఇది. జిల్లా మొత్తంలో ఎంత చురుకైన బిడ్డయినా నగరపు బడిలో చదువుతున్నంత కాలం ఈ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం క్షేమం కాదని నేను గట్టిగా చెబుతాను.

అయితే గ్రామీణం అన్నది ఇంటి చిరునామాను బట్టి కాక, చదివిన బడి ఉన్న చోటును బట్టి తేలుతుంది. బెంగళూరు నగర జిల్లాలోనే ఆనేకల్ తాలూకా వైపు గ్రామ పంచాయతీల పరిధిలో ఎన్నో బడులున్నాయి. అటువంటి బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా చదివిన బిడ్డ గ్రామీణ కోటాకు అర్హత పొందుతాడు. ఆ మూడేళ్లలో ఒక్క ఏడాది పట్టణంలో చదివినా ఆ అర్హత పోతుంది. అందుకే అయిదో తరగతిలో అడుగుపెట్టాక బిడ్డను హడావుడిగా అమ్మమ్మగారి ఊరి బడిలో చేర్చే తల్లిదండ్రులను చూస్తే బాధ కలుగుతుంది. ఆ ప్రయత్నం వల్ల సీటు దగ్గరపడదు సరికదా, పరీక్ష రాయవలసిన ఏడాదిలోనే బిడ్డ తనవాళ్లకు దూరమవుతాడు. అదే సర్జాపుర దాటిన లేఅవుట్లలో మొదటినుంచీ ఉంటూ బిడ్డను పంచాయతీ పరిధిలోని బడిలోనే చదివిస్తున్న కుటుంబానికి, అందులోనూ ఆడపిల్ల ఉన్న కుటుంబానికి, నవోదయను మించిన అవకాశం నాకు కనిపించదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏమీ కట్టనక్కరలేదు. తొమ్మిది నుంచి కొందరు నెలకు 600 రూపాయల వికాస నిధి చెల్లించాలి, ఆడపిల్లలకు అది కూడా లేదు.

చెన్నైలో ఉన్న తెలుగువారికి ఈ చర్చ అవసరమే రాదు. నవోదయల్లో అమలయ్యే త్రిభాషా విధానాన్ని అంగీకరించని తమిళనాడు వాటిని రానీయలేదు కనుక, వారికి అమరావతినగర్ సైనిక్ స్కూలు మొదలైనవే దారి.

రక్షణ శాఖ పరిధిలోని సైనిక్ స్కూళ్ల లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ జిల్లా ప్రసక్తి లేదు, రాష్ట్ర స్థానికత ముఖ్యం. ప్రతి స్కూలులో 67 శాతం సీట్లు ఆ రాష్ట్రం వారికి, 33 శాతం బయటి రాష్ట్రాల వారికి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ స్థానికత నిలుపుకున్న బెంగళూరు కుటుంబానికి కోరుకొండ, కలికిరి రెండూ సొంత రాష్ట్రపు స్కూళ్లే అవుతాయి. మదనపల్లె మీదుగా వెళ్లే కలికిరి, కర్ణాటకలోని బిజాపుర్ కన్నా ఎంతో దగ్గర. కర్ణాటక స్థానికత తీసుకున్నవారికి బిజాపుర్, కొడగు స్కూళ్లు దక్కుతాయి. ఉదాహరణకు ఒక స్కూలులో 100 సీట్లు ఉన్నాయనుకుందాం: ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం తీసి, మిగిలినదానిలో నాలుగో వంతు రక్షణ సిబ్బంది పిల్లలకు ఇస్తే, ఏ కోటా లేని పిల్లలకు స్థానికులుగా దాదాపు 25, బయటివారుగా 12 లేదా 13 మిగులుతాయి. స్థానికత ఎంపిక ఒక్కటే అవకాశాన్ని రెట్టింపు చేయగలదన్నమాట. ఓబీసీ అంటే ఇక్కడ కేంద్ర జాబితాలోని ఓబీసీ అని కూడా గుర్తుంచుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ అందులో ఉండదు.

బాలికల విషయంలో మాత్రం సైనిక్ స్కూళ్లు వెనుకబడే ఉన్నాయి. 2021-22 నుంచి వారిని చేర్చుకుంటున్నా, ఇచ్చేది ఆరో తరగతిలో 10 శాతం సీట్లు, లేదా కనీసం 10 మాత్రమే. ఫీజు కూడా ఏడాదికి లక్ష దాటుతుంది. ఆదాయాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వాల ఉపకార వేతనాలు ఉన్నా, వాటిని నమ్ముకొని అప్పు చేయవద్దని నా సలహా.

పరీక్షల స్వభావం కూడా బిడ్డను బట్టి చూడాలి. సైనిక్ పరీక్షలో 300 మార్కులకు 150 గణితానివే. మిగతావి సామాన్య జ్ఞానం, భాష, తర్క సామర్థ్యం తలా 50 పంచుకుంటాయి. నవోదయ పరీక్షలో 100 మార్కులకు 50 మానసిక సామర్థ్యానివి, అంటే బొమ్మల వరుసలను, తేడాలను చూపుతో పట్టుకోవడానివి. అంకగణితానికి, భాషకు చెరో 25. లెక్కలు వేగంగా, తప్పు లేకుండా చేసే బిడ్డకు మొదటిది, ఆకారాలను ఇట్టే గుర్తించే బిడ్డకు రెండోది అనుకూలిస్తాయి. రెండింటిలోనూ తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు.

శిక్షణ కేంద్రానికి డబ్బు కట్టేముందు కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లడం మంచిది. సైనిక్ స్కూలులో రాతపరీక్ష గట్టెక్కిన తర్వాత వైద్య పరీక్ష ఉంటుంది. వర్ణాంధత్వం, అంటే కొన్ని రంగుల తేడా తెలియని లోపం, ఉన్న బిడ్డను మంచి ర్యాంకు కూడా కాపాడలేకపోవచ్చు. ఆ సంగతి ఏడాది ముందే తెలిస్తే పదకొండేళ్ల పసివాడికి ఆ నిరాశ తప్పుతుంది.

బెంగళూరులోనే ఉంది కదా అని రాష్ట్రీయ మిలిటరీ స్కూలు వైపు చూసేవారు, అక్కడ 70 శాతం సీట్లు సైన్యంలోని జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు (జేసీఓలు), సిపాయిల పిల్లలకు కేటాయించినవని గమనించాలి. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాలకు స్థానికత అడ్డు రాదు గాని, దాని ఖర్చు మధ్యతరగతికి భారమే, ఎంపికను మార్కులతో అంచనా కట్టడమూ కుదరదు.

నగరపు బడిలో చదివే మగపిల్లవాడికైతే నేను సైనిక్ పరీక్షను ప్రధానంగా, నవోదయను అదనంగా పెట్టుకోమంటాను. రెండింటికీ దరఖాస్తు చేయకూడదన్న నిబంధన లేదు. ఆరో తరగతిలో సైనిక్ సీటు రాకపోతే తొమ్మిదో తరగతి ప్రవేశం మరో తలుపు. అప్పుడు పరీక్ష 400 మార్కులకు, ఆంగ్లంలో మాత్రమే జరుగుతుంది, సీట్లు కూడా ఖాళీలను బట్టే ఉంటాయి. దరఖాస్తులో ఏ రాష్ట్రపు స్థానికత రాశారో ఆ రాష్ట్రపు ధ్రువపత్రమే ప్రవేశ సమయంలో చూపవలసి ఉంటుంది కనుక, ఆంధ్ర స్థానికత పెట్టాలనుకునేవారు వేసవి సెలవుల్లో సొంత ఊరు వెళ్లినప్పుడే తహసీల్దారు కార్యాలయంలో ఆ పని మొదలుపెట్టాలి.