క్రెయిగ్‌లాక్‌హార్ట్ యుద్ధ కవుల ప్రదర్శన: డాక్టర్ రివర్స్ కోసం వెళ్ళవలసిన చోటు

ఎడిన్‌బరోకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది కోట, రాయల్ మైల్, ఆర్థర్స్ సీట్ కొండ చూసుకుని తిరిగి వస్తారు. నగరానికి నైరుతి దిక్కున, నేపియర్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెయిగ్‌లాక్‌హార్ట్ ప్రాంగణంలో ఉన్న యుద్ధ కవుల ప్రదర్శన దాకా వెళ్ళేవారు తక్కువ. ప్రవేశ రుసుము లేని ఈ చిన్న ప్రదర్శనను నేను ప్రధానంగా ఒక వ్యక్తి కోసం చూశాను. ఆయన డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్. మనస్తత్వ శాస్త్రవేత్తగా, వైద్యుడిగా, మానవ శాస్త్రవేత్తగా అప్పటికే పేరు పొంది, యాభై ఏళ్ళు దాటిన వయసులో బ్రిటిష్ సైనిక వైద్య దళంలో కెప్టెన్‌గా చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన వారికి ఇక్కడ చికిత్స చేసినవాడు.

1880లో జలచికిత్స కోసం వచ్చే సంపన్నుల విడిదిగా మొదలైన భారీ రాతి భవనం ఇది. 1916లో సైన్యం దీన్ని షెల్ షాక్‌కు, అంటే యుద్ధ భయానికి మనసు దెబ్బతినే స్థితికి, గురైన అధికారుల ఆసుపత్రిగా మార్చింది. 1919లో మూతపడేలోగా 1,700 మందికి పైగా అధికారులు ఇక్కడ చికిత్స పొందారు. ఆ తరువాత సన్యాసినుల ఆధ్వర్యంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా నడిచి, చివరకు విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. పాత గోడల సరసనే ఇప్పుడు గుడ్డు ఆకారంలో కట్టిన ఉపన్యాస మందిరం ఉంది, విద్యార్థుల సందడి ఉంది.

ఇక్కడి సేకరణలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది రోగులే నడుపుకున్న 'హైడ్రా' పత్రిక. 1917 వేసవిలో కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ దానికి సంపాదకుడిగా ఉన్నాడు. ఇక్కడే రోగిగా ఉన్న మరో కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ కవితలు అందులో అచ్చయ్యాయి. అయితే ఆ పుటల్లో కవితలకంటే సంగీత కచేరీల సమీక్షలు, ఆటల పోటీల ఫలితాలు, సంఘాల సమావేశ విశేషాలే ఎక్కువ కనిపిస్తాయి. చదువుతుంటే ఏదో వేసవి విడిదిలో వెలువడిన పత్రిక అనుకుంటాం. పగలు ఇంత కులాసాగా కనిపించే ఈ భవనం రాత్రి అయ్యేసరికి పీడకలలతో మూలిగే మనుషుల చోటుగా మారిపోయేదని ససూన్ తరువాత తన జ్ఞాపకాలలో రాశాడు. రివర్స్ పని అంతా ఆ రాత్రులతోనే. (ఓవెన్‌కు కూడా రివర్సే వైద్యుడని కొందరు అనుకుంటారు. ఓవెన్‌ను చూసినది ఆర్థర్ బ్రాక్ అనే మరో వైద్యుడు.)

ఆ రోజుల్లో ఇటువంటి రోగులకు బంధువులు, వైద్యులు కూడా ఒకటే చెప్పేవారు: జరిగినదాన్ని మరిచిపో, తలచుకోకు, మనసును వేరే వాటి మీదికి మళ్ళించు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో మాట పడిపోయిన సైనికులకు విద్యుత్ ప్రవాహంతో నొప్పి పుట్టించి మాట రప్పించే చికిత్స కూడా నడిచింది. 1917 డిసెంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ ఎదుట చేసిన ప్రసంగంలో రివర్స్ ఆ 'మరిచిపో' అనే సలహాను తప్పుపట్టాడు. పగలంతా బలవంతంగా అణచిపెట్టిన జ్ఞాపకమే రాత్రి భయంకరమైన కలగా వచ్చి మీద పడుతుందని, దాన్ని మెలకువలో, నమ్మకమైన మనిషి సమక్షంలో, ఓర్చుకోగలిగిన మోతాదులో తలచుకోనివ్వాలని ఆయన వాదించాడు.

ఆ ప్రసంగంలో ఆయన చెప్పిన ఒక ఉదాహరణ ఉంది. ఒక అధికారి తన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, పేలుడులో ముక్కలైన అతని శరీరాన్ని చూశాడు. అప్పటినుంచి ప్రతి రాత్రీ అదే కల. రివర్స్ అతనికి ధైర్యం నూరిపోయలేదు, ఊరడింపు మాటలూ చెప్పలేదు. శరీరం ఆ విధంగా ఛిద్రమైందంటే ప్రాణం క్షణంలో పోయి ఉంటుందని, చాలామంది క్షతగాత్రులు పడే దీర్ఘమైన యాతన ఆ స్నేహితుడికి తప్పిందని చూపించాడు. రోగి ఆ ఒక్క సంగతినీ పట్టుకున్నాడు. కొన్నాళ్ళు కలలు ఆగాయి. తరువాత వచ్చిన కలలో అతను స్నేహితుడి పక్కన మోకరిల్లి, కుటుంబానికి పంపడానికి అతని వస్తువులను సేకరిస్తున్నాడు. భయం పోయి దుఃఖం మిగిలింది. మరొక రోగి విషయంలో, ఎంత వెతికినా ఊరట కలిగించగల అంశం ఒక్కటీ ఆ అనుభవంలో దొరకలేదని రివర్స్ దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రోగిని సైన్యం వదిలి పల్లెపట్టుకు వెళ్ళమన్నాడు. తన పద్ధతి పనిచేయని చోటును కూడా తానే సభలో చెప్పే వైద్యుణ్ణి నేను గౌరవించకుండా ఉండలేను.

ఈ ఓపిక ఆయనకు ఆసుపత్రిలో అలవడినది కాదు. 1864లో కెంట్ ప్రాంతంలో పుట్టిన రివర్స్‌కు చిన్నప్పటినుంచీ నత్తి ఉండేది. తండ్రి, మేనమామ ఇద్దరూ నత్తికి చికిత్స చేసినవారే, అయినా అది పూర్తిగా పోలేదు. మాట తడబడడం అంటే ఏమిటో తెలిసినవాడే మాట పడిపోయినవారి ఎదుట కూర్చున్నాడు. అంతకుముందు 1901-02లో ఆయన మన నీలగిరులకు వచ్చి తోడా ప్రజల మధ్య నెలల తరబడి గడిపాడు. ఊటీకి వెళ్ళి తోడా గుడిసెల ముందు ఫొటోలు దిగే మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని నీ తండ్రి ఎవరు, తల్లి ఎవరు, తోబుట్టువులు ఎవరు అని అడిగి, ఆ సమాజం మొత్తానికీ వంశవృక్షాలు రాసుకున్నాడు. ఎదుటి మనిషి చెప్పేదాకా ఆగడం, చెప్పినదాన్ని అతని క్రమంలోనే రాసుకోవడం ఆయనకు అక్కడే బాగా అలవాటైందని నా నమ్మకం.

అయితే రివర్స్‌ను మహాత్ముడిగా మాత్రమే చూడడం సరికాదు. ఆయన సైనిక వైద్యుడు. రోగి కోలుకుంటే తిరిగి యుద్ధానికి పంపవలసినవాడు. 1917 జులైలో ససూన్ ఇక్కడికి వచ్చినది పీడకలలతో కాదు. యుద్ధాన్ని అనవసరంగా పొడిగిస్తున్నారని బహిరంగ ప్రకటన చేసినందుకు. సైనిక న్యాయస్థానం బదులు ఆసుపత్రి అన్నట్టు పంపారు. నెలల తరబడి సాగిన సంభాషణల తరువాత ససూన్ తనంతట తాను యుద్ధానికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో రివర్స్‌కే ఒక కల వచ్చింది. ఈ రోగి తనను శాంతివాదిగా మార్చేస్తే, సైనిక దుస్తుల్లో ఉన్న తన స్థితి ఏమిటి అన్న కలవరం ఆ కలకు మూలమని ఆయన తన కలను తానే విశ్లేషించి రాసుకున్నాడు. ఆయన మరణానంతరం 1923లో అది అచ్చయింది. నా దృష్టిలో ఆ భవనంలో పుట్టిన రచనల్లో అత్యంత నిజాయితీ గలది అదే.

1922లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటులోని లండన్ విశ్వవిద్యాలయ స్థానానికి పోటీ చేయడానికి రివర్స్ అంగీకరించాడు. ఎన్నిక రాకముందే, ఆ ఏడాది జూన్ 4న, హఠాత్తుగా జబ్బుపడి కేంబ్రిడ్జిలో మరణించాడు. వయసు 58.

ప్రదర్శన పేరులోనే కవులు ఉన్నారు కనుక వైద్యుడి జీవితం మొత్తం ఇక్కడ దొరుకుతుందని ఆశించి వెళ్ళకూడదు. కవిత్వం, యుద్ధ చరిత్ర, మనస్తత్వ శాస్త్రం, ఈ మూడింటిలో ఏ ఒక్కదాని మీద ఆసక్తి ఉన్నా ఒక పూట కేటాయించవచ్చు. చిన్న పిల్లలకు విసుగు పుట్టవచ్చు. ఇది నడుస్తున్న విద్యాసంస్థ కనుక తెరిచి ఉండే రోజులు, వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరాలి. రివర్స్ 1917 నాటి ప్రసంగ పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నిడివి కూడా తక్కువే. అది చదివి వెళితే 'హైడ్రా'లోని ఆటల ఫలితాలు, కచేరీ సమీక్షలు వేరే విధంగా అర్థమవుతాయి.