అపెండిక్స్ పగిలితే లీనియర్ ప్రోబ్ చెప్పగలదా: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక స్కాన్ సెంటర్‌లో ఎనిమిదేళ్లుగా ఒకే అల్ట్రాసౌండ్ మిషన్ మీద పనిచేస్తున్నాను. కడుపునొప్పితో వచ్చినవాళ్లకి ముందు కర్వ్ ప్రోబ్‌తో (ఒంటికి ఆనించే వంపు పరికరం, లోతుగా చూడ్డానికి) కడుపంతా చూసి, తర్వాత 7–12 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ (చదునుగా ఉండేది, పైపైన ఉన్నవాటిని వివరంగా చూపేది) తీసుకుంటాను. ఈ సమీక్ష ఆ ప్రోబ్ గురించే.

అపెండిక్స్ పగలకముందైతే దీని మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, సన్నగా ఉన్నవాళ్లలో, పిల్లల్లో మరీను. పొత్తికడుపు కుడివైపు మెల్లగా నొక్కుతూ పోతే పేగుల్లోని గాలి పక్కకు తప్పుకుంటుంది. 1986లో డచ్ రేడియాలజిస్ట్ ప్యూలార్ట్ వివరించిన పద్ధతి ఇది. 6 మిల్లీమీటర్లకన్నా లావుగా, నొక్కినా అణగని గొట్టంలా అపెండిక్స్ కనిపిస్తే వాచిందన్న అనుమానం బలపడుతుంది.

పగిలాక అలా కాదు. లోపలి ఒత్తిడి బయటికి పోయి గొట్టం చప్పబడిపోవచ్చు. పేగులు గాలితో ఉబ్బుతాయి, రోగి ప్రోబ్ నొక్కనివ్వడు.

మిషన్ తీసుకున్న రెండో ఏడు కడప నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న ఒకావిడ పదకొండేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. "రాత్రంతా మెలికలు తిరిగిపోయాడు మేడమ్, తెల్లారేసరికి నొప్పి తగ్గిపోయింది. స్కాన్ అవసరమా?" అంది. గొట్టం దొరకలేదు, పొత్తికడుపు అడుగున కొంచెం నీరుంది. "అపెండిక్స్ కనిపించలేదు" అని రాసి పంపేశాను. సాయంత్రానికి జ్వరం. వేరేచోట తీసిన సీటీలో అపెండిక్స్ బయట పడి ఉన్న రాయి (లోపల గట్టిపడిన మలం ముక్క), చుట్టూ చీము. పగిలిన వెంటనే కాసేపు నొప్పి తగ్గొచ్చని నాకు తెలుసు. తెలిసీ ఆ తల్లి మాట దగ్గర ఆగి ఆలోచించలేదు. పిల్లాడు కోలుకున్నాడు గానీ ఆ రిపోర్టు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పట్నుంచి గొట్టంతో పాటు దాని గోడ మధ్యలో ఉండే తెల్లటి పొరనీ చూస్తాను. అది ఎక్కడైనా తెగిపోయి కనిపిస్తే, చుట్టూ కొవ్వు తెల్లగా దళసరిగా ఉంటే, ఒకచోట గూడుకట్టిన చిక్కటి ద్రవం ఉంటే పగిలిందనే అనుకుంటాను. ఇవి చూపించడంలో ఈ ప్రోబ్ చాలా బాగుంది.

ఐదో ఏట ప్రోబ్‌లో ధ్వని తరంగాలు పంపే క్రిస్టల్స్ కొన్ని పోయి తెర మీద నిలువుగా నల్లటి చార వచ్చేది. అపెండిక్స్‌లో రాయి ఉంటే దాని వెనక పడే నీడ కూడా అలాగే ఉంటుంది, అందుకే చెబుతున్నాను. ప్రోబ్ జరిపినా చార తెర మీద అక్కడే ఉంటే లోపం ప్రోబ్‌దే. రిపేర్‌కి ఇచ్చేయండి, అడ్జస్ట్ అవ్వొద్దు.

పగిలిందా అన్న ప్రశ్నకి మాత్రం కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే, స్కాన్‌లో మెరిసే మందు) ఇచ్చి తీసిన సీటీదే పైచేయి. గోడలో కాంట్రాస్ట్ పట్టని చోటు, బయటికొచ్చిన గాలి బుడగలు, చీముగడ్డ స్పష్టంగా తెలుస్తాయి. గాలి కనిపించనంత మాత్రాన పగల్లేదని అక్కడా అనలేం. రేడియేషన్ ఉంటుంది కాబట్టి పిల్లలకి నేను ఇప్పటికీ ముందు ఈ ప్రోబే పెడతాను. గొట్టం దొరక్క, నీరుండి, నొప్పి ఉన్నట్టుండి తగ్గిందని ఇంట్లోవాళ్లు చెబితే "పగిలి ఉండొచ్చు, సీటీ అవసరం" అని రాసి, వాళ్లు బయటికి వెళ్లేలోపే సర్జన్‌కి ఫోన్ చేస్తాను.